ఫిలడెల్ఫియాలో మోరిస్ గారి అడ్రసులు, మా హోటల్ బిల్లు

ఫిలడెల్ఫియా వెళ్ళే ఆలోచనలో ఉన్నవాళ్ళకి ముందుగా ఒక మాట. ఊరి నడిబొడ్డున హోటల్ గది 179 డాలర్లు అని కనబడితే దాన్ని అద్దె అనుకోకండి, బయానా అనుకోండి. మాకు గదికి 179 అన్నది చివరికి 244 అయింది. కారు నిలిపినందుకు రాత్రికి ఇంకో 58. ఊరు మాత్రం బంగారం. చూడాల్సినవాటిలో చాలావరకు ఉచితం. అందుకే ఆ హోటల్ వాళ్ళ మీద నా కడుపుమంట ఇంకా చల్లారలేదు.

వెళ్ళింది మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టు పుణ్యమా అని. అమెరికా స్వాతంత్ర్య పోరాటం మీద ఒక్కొక్కరు ఒక్కో మనిషిని ఎంచుకోవాలట. వాషింగ్టన్, ఫ్రాంక్లిన్, జెఫర్సన్ లాంటి పేర్లన్నీ చేతులు ముందెత్తినవాళ్ళు పట్టుకుపోయారు. మావాడికి రాబర్ట్ మోరిస్ మిగిలాడు. "ఎవరో డబ్బున్న వ్యాపారి, బోర్" అని వాడు మొహం మాడ్చుకుని కూర్చుంటే, పక్కన పేపర్ చదువుకుంటున్న మా నాన్న తల ఎత్తారు. చిత్తూరులో బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి. యుద్ధానికి అప్పు తెచ్చినవాడు అనగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. రెండు రోజుల్లో మనవడి కన్నా తాతే ఎక్కువ చదివేశారు. న్యూజెర్సీలోని మా ఎడిసన్ నుంచి ఫిలడెల్ఫియా ఎంత దూరమని? అక్టోబరు లాంగ్ వీకెండ్‌కి అమ్మ, నాన్న, మా ఆయన, అబ్బాయి, నేను బయల్దేరాం.

హోటల్ కథ ముందు చెప్పేస్తాను, మనసు తేలికపడుతుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కొత్త చోట లిఫ్ట్ ఎక్కాలంటే భయం. అందుకని పక్కపక్క గదులు కావాలని బుక్ చేసేటప్పుడే రాశాను, సరేనని వాళ్ళ దగ్గర్నుంచి ఈమెయిల్ కూడా వచ్చింది. నాలుగింటికి చెక్-ఇన్. మేం వెళ్ళింది నాలుగుంపావుకి. గదులు తయారుగా లేవు. లాబీలో కూర్చోడానికి సరైన కుర్చీ లేక అమ్మ సూట్‌కేసు మీద కూర్చుంది. ఐదున్నరకి తాళాలిచ్చారు: మాది నాలుగో అంతస్తు, అమ్మావాళ్ళది తొమ్మిదో అంతస్తు. ఈమెయిల్ చూపిస్తే డెస్కులో అబ్బాయి దాన్ని చదవను కూడా చదవలేదు. "అది రిక్వెస్ట్ మాత్రమే, గ్యారంటీ కాదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మొహంలో ఉన్న చిరునవ్వుకి ఇంకో పది డాలర్లు వేయలేదు, అదే అదృష్టం.

డెస్టినేషన్ ఫీజని గదికి రోజుకి 32 డాలర్లు. ఎందుకని అడిగాను. రెండు మంచినీళ్ళ సీసాలు, ఉచిత లోకల్ కాల్స్, బార్‌లో 10 డాలర్ల తగ్గింపు అట. మా బృందంలో తాగేవాళ్ళు లేరు, లోకల్‌గా ఫోన్ చేయడానికి మాకు ఎవరూ తెలీదు. ఇది చాలదన్నట్టు డెబిట్ కార్డు మీద గదికి రోజుకి 75 డాలర్ల చొప్పున పట్టి ఉంచారు. నాన్న రశీదు చూసి, "అంటే మన డబ్బు మీద లీన్, అదే బాకీ హక్కు, పెట్టారన్నమాట. లోను తీసుకోకుండానే లీన్! మేం కూడా ఇంత తెగించలేదమ్మా" అన్నారు. రాత్రి పన్నెండింటిదాకా తొమ్మిదో అంతస్తు నుంచి ఫోన్లే. షవర్ ఎటు తిప్పాలి, ఏసీ ఎలా ఆపాలి, దుప్పటి పరుపు కింద ఎందుకు కుక్కారు. ఇంటికొచ్చాక ఈమెయిల్స్ మీద ఈమెయిల్స్ రాస్తే ఒక గదికి, ఒక రాత్రికి ఫీజు, అంటే 32 డాలర్లు వెనక్కిచ్చి, అది తమ మంచితనమని రాశారు. పట్టి ఉంచిన డబ్బు తిరిగి రావడానికి వారం దాటింది.

న్యూజెర్సీ వైపు నుంచి వచ్చేవాళ్ళకి నా సలహా: కారు ఊళ్ళోకి తేకండి. పాట్కో రైలు స్టేషన్లలో ఎక్కడైనా కారు పెట్టి రైలెక్కితే ఎనిమిదో వీధి, మార్కెట్ స్ట్రీట్ దగ్గర దిగొచ్చు. చూడాల్సినవన్నీ అక్కడినుంచి నడక దూరమే. ఈ ముక్క మా ఆయన ముందే అన్నారు. పెద్దవాళ్ళతో రైలెందుకని నేనే ఒప్పుకోలేదు. హోటల్ వాలెట్ పార్కింగ్ వాడికి కారు తాళాలు ఇచ్చిన ప్రతిసారీ ఆయన నా వైపు ఒక చూపు చూశారు. అది ఏ బిల్లులోనూ రాలేదు.

ఇండిపెండెన్స్ హాల్ టికెట్టుకి బయట ఏవేవో సైట్లు ముప్పై, నలభై డాలర్లు అడుగుతాయి. ప్రభుత్వ రిజర్వేషన్ సైట్‌లో మనిషికి ఒక్క డాలరు. అంతే. కాకపోతే ముందే తీసుకోవాలి, సెలవుల్లో త్వరగా అయిపోతాయి. లిబర్టీ బెల్ ఉచితం, లైను పెద్దది. పగిలిన గంట ముందు ఫోటో దిగి అమ్మ సంతోషించింది.

హాల్లో రేంజర్, అంటే వచ్చినవాళ్ళకి వివరించి చెప్పే ప్రభుత్వ ఉద్యోగి, ఒకావిడ ఉన్నారు. మావాడు మోరిస్ పేరెత్తగానే ఆవిడ మొహం విప్పారింది. ఆ పేరు అడిగేవాళ్ళు చాలా తక్కువట. 1776 జులై 2న స్వాతంత్ర్యం మీద ఓటింగ్ జరిగింది ఆ గదిలోనే. పెన్సిల్వేనియా ప్రతినిధుల్లో మోరిస్, జాన్ డికిన్సన్ ఇద్దరూ ఇది సమయం కాదనే అభిప్రాయంతో ఉన్నారు. ఓటు వేయకుండా తప్పుకున్నారు. వాళ్ళు తప్పుకోబట్టే పెన్సిల్వేనియా ఓటు స్వాతంత్ర్యం వైపు పడింది. ఆ తర్వాత ఆగస్టులో మోరిస్ వచ్చి ప్రకటన మీద సంతకం పెట్టాడు. డికిన్సన్ పెట్టలేదు.

"అంటే పిరికివాడే కదా తాతయ్యా" అన్నాడు మావాడు.

"కాదు నాయనా. లోన్ కమిటీలో నాకు నచ్చని ప్రపోజల్ వస్తే నా అభిప్రాయం నేను చెప్తాను. కమిటీ ఒప్పుకున్నాక మాత్రం వసూలు బాధ్యత నాది కూడా. ఈయన చేసింది అదే" అన్నారు నాన్న. రేంజర్‌కి మావాడు దాన్ని ఇంగ్లిష్‌లో చెప్తే ఆవిడ ఎంత నవ్విందో.

పక్క భవనంలో స్వాతంత్ర్య ప్రకటన, ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ (రాజ్యాంగానికి ముందు రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం), రాజ్యాంగం తొలినాటి ముద్రిత ప్రతులు పెట్టారు. ఆ మూడింటి మీదా సంతకం చేసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు: రోజర్ షెర్మన్, మన మోరిస్. అప్పటికి నాన్న "మన మోరిస్" అనడం మొదలుపెట్టేశారు.

ఈ మన మోరిస్ పుట్టింది 1734లో, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో. తండ్రి మేరీల్యాండ్‌లో పొగాకు వ్యాపారం చూసేవాడు, పిల్లాడు 13 ఏళ్ళప్పుడు ఆయన దగ్గరికి వచ్చాడు. కొన్నాళ్ళకి ఓడ మీంచి గౌరవార్థం పేల్చిన ఫిరంగి దెబ్బ తగిలి తండ్రి పోయాడు. ఫిలడెల్ఫియాలో విల్లింగ్ గారి కొట్లో పనికి చేరిన కుర్రాడు 1757 నాటికి ఆ విల్లింగ్ గారి కొడుకుతో కలిసి భాగస్వామి అయ్యాడు. ఓడలు, సరుకులు, మారకపు హుండీలు (వేరే చోట డబ్బుగా చెల్లే పత్రాలు). బానిసల వ్యాపారం కూడా. ఈ చివరిది ఆయన్ని పొగిడేవాళ్ళు గబగబా దాటేస్తుంటారు.

మధ్యాహ్నం డబ్బులిచ్చి ఒక గైడెడ్ వాక్‌కి వెళ్ళాం, మనిషికి 28 డాలర్లు. ఆ గైడు టోపీ బాగుంది, గొంతు బాగుంది, జోకులు కంఠతా వచ్చు. నాన్న మోరిస్ గురించి అడిగితే "ఆ, డబ్బిచ్చినాయన" అని ఫ్రాంక్లిన్ గాలిపటం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఐదుగురికి 140 డాలర్లు, టిప్పు కాకుండా. మీరు చేయకండి. రేంజర్లు దీనికి పదింతలు చెప్తారు, పైసా తీసుకోరు.

అడిగితే గైడు చెప్పాల్సింది ఎంత ఉందో చూడండి. 1776 డిసెంబరులో బ్రిటిష్ సైన్యం దగ్గరికొస్తోందని కాంగ్రెస్ (అప్పటి ప్రతినిధుల సభ) మూటాముల్లె సర్దుకుని బాల్టిమోర్ వెళ్ళిపోయింది. మోరిస్ ఊళ్ళోనే ఉండిపోయి దాదాపు ప్రభుత్వం పని మొత్తం చూశాడు. అవతల ట్రెంటన్‌లో గెలిచిన వాషింగ్టన్‌కి కొత్త చిక్కు వచ్చిపడింది. ఏడాది ఆఖరికి సైనికుల ఒప్పందాలు ముగుస్తున్నాయి. ఇంకో ఆరు వారాలు ఉంటే తలకి పది డాలర్లిస్తానని వాషింగ్టన్ మాటిచ్చేశాడు, చేతిలో డబ్బు లేదు. గూఢచారులకి ఇవ్వడానికైతే కాగితం నోటు పనికిరాదు, నాణేలే కావాలి. అక్కడా ఇక్కడా పోగుచేసి నాణేల సంచులు ముందు పంపాడు మోరిస్. తర్వాత సైనికుల కోసం 50,000 డాలర్ల కాగితపు డబ్బు. ఊళ్ళోవాళ్ళని తెల్లారకముందే నిద్రలేపి అప్పడిగాడని కథగా చెప్తారు. ఆ సైన్యమే కొద్దిరోజుల్లో ప్రిన్స్‌టన్‌లో గెలిచింది.

నాన్నకి మాత్రం 1781 సంగతే ప్రాణం. అప్పటికి కాంగ్రెస్ అచ్చేసిన నోట్లకి విలువ లేదు. మోరిస్‌ని ఆర్థిక వ్యవహారాల సూపరింటెండెంట్‌గా పెట్టారు. వాషింగ్టన్ సైన్యం న్యూయార్క్ వైపు నుంచి యార్క్‌టౌన్‌కి దిగాలి. తిండి, పడవలు, జీతాలు, అన్నీ కావాలి. మోరిస్ తన సొంత పేరు మీద నోట్లు రాసిచ్చాడు. దేశం నోటు చెల్లదు, ఈయన నోటు చెల్లింది. గడువును బట్టి వాటిని జనం లాంగ్ బాబ్స్, షార్ట్ బాబ్స్ అనేవాళ్ళు. ఉత్తరాది సైనికులు జీతం లేనిదే కదలమని సణుగుతుంటే ఫ్రెంచి సేనాని రోషాంబో దగ్గర 20,000 డాలర్ల నాణేలు అప్పు తీసుకున్నాడు. మేరీల్యాండ్‌లోని హెడ్ ఆఫ్ ఎల్క్ దగ్గర ఒక నెల జీతం నాణేలుగా పంచారు. అక్టోబరులో యార్క్‌టౌన్‌లో కార్న్‌వాలిస్ అనే బ్రిటిష్ సేనాని లొంగిపోయాడు. అప్పుడు అక్కడ లొంగినాయనే తర్వాత మన మీదికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, టిప్పు సుల్తాన్‌తో యుద్ధం చేశాడు.

ఆరో వీధి, మార్కెట్ స్ట్రీట్ మూలన ప్రెసిడెంట్స్ హౌస్ ఉన్న చోటికి తప్పకుండా వెళ్ళండి. లిబర్టీ బెల్ పక్కనే, ఉచితం. ఇల్లు లేదు, ఇంటి ఆకారం ఉంది: కిటికీల చట్రాలు, పొయ్యిగూళ్ళు, అద్దం కింద పాత పునాదులు. ఫిలడెల్ఫియాని బ్రిటిష్‌వాళ్ళు పట్టుకున్నప్పుడు జనరల్ హౌ ఉన్న ఇల్లిది. ఆయన ఊరు వదిలి వెళ్ళాక అమెరికన్ సేనాని బెనెడిక్ట్ ఆర్నాల్డ్ ఉన్నాడు. 1780లో తగలబడితే మోరిస్ కొని మళ్ళీ కట్టించాడు. 1787లో రాజ్యాంగ సభకి వచ్చిన వాషింగ్టన్ మోరిస్ అతిథిగా ఇక్కడే దిగాడు. 1790లో రాజధాని పదేళ్ళపాటు ఫిలడెల్ఫియాకి మారినప్పుడు మోరిస్ ఖాళీ చేసి ఇస్తే ఇదే అధ్యక్షుడి ఇల్లయింది.

ఇక్కడే మావాడి మొహం మారింది. వాషింగ్టన్ ఇక్కడ ఉంచిన తొమ్మిది మంది బానిసల పేర్లు గోడ మీద చెక్కి ఉన్నాయి. వాళ్ళలో ఓనీ జడ్జ్ అనే అమ్మాయి 1796 మేలో ఈ ఇంట్లోంచే పారిపోయి న్యూ హాంప్‌షైర్ చేరింది, మళ్ళీ దొరకలేదు. మోరిస్ కంపెనీ బానిసల్ని అమ్మిన సంగతి తెలిశాక వాడు ప్రాజెక్టు పేరు మార్చేస్తానన్నాడు. "స్వాతంత్ర్యానికి పెట్టిన డబ్బు ఇలా కూడా వచ్చిందా?" అని తాతని నిలదీశాడు. నాన్న కాసేపు ఏమీ అనలేదు. "రాయి. రెండూ రాయి. ఖాతాలో జమ ఒక్కటే రాసి ఖర్చు దాచేవాడు మంచి గుమాస్తా కాదు" అన్నారు. అమ్మ మాత్రం ఓనీ జడ్జ్ పేరు దగ్గరే చాలాసేపు నిలబడి, ఆ పిల్లకి పెళ్ళయిందా, పిల్లలు పుట్టారా అని అడిగింది. అయింది, పుట్టారు.

సాయంత్రం ఆకలికి అందరి మొహాలు వేలాడాయి. ఎక్కడికెళ్ళినా మాంసం, చీజ్. అమ్మ పొద్దున్నుంచి అరటిపళ్ళ మీద ఉంది. మా ఆయన ఫోన్లో చూసి వెస్ట్ ఫిలడెల్ఫియాలో ఒక ఇథియోపియన్ హోటల్‌కి తీసుకెళ్ళారు. చిన్న చోటు, ప్లాస్టిక్ పూలు, టీవీలో ఏదో పెళ్ళి పాట. పెద్ద పళ్ళెంలో ఇంజెరా పరిచి, దాని మీద కారం కారంగా ఎర్ర కందిపప్పులాంటిది, శనగపిండి కూర, క్యాబేజీ, ఆకుకూర. అమ్మ అనుమానంగా ఓ తుంపు తుంచింది. ఇంకోటి తుంచింది. "ఏందిది, పులిసిన పిండితో దోశ పోసినారే! ఒకపక్కే కాల్చినారు" అంది. చేత్తో తినొచ్చని తెలిశాక ఇక మాటల్లేవు. చెంచాలు అడగనందుకు ఓనరమ్మకి మేం నచ్చాం, అడక్కుండానే ఇంకో రెండు ఇంజెరాలు తెచ్చి పెట్టింది. పిండి ఏంటని అమ్మ, టెఫ్ అని ఆవిడ, ఇద్దరికీ సగం సగం భాష. వెజ్ కాంబో ఒకటి 19 డాలర్లు. మూడు తెప్పించుకుంటే ఐదుగురికి ఎక్కువే. టీ, టిప్పు అన్నీ కలిపి 80 డాలర్లు. ఆ ఊళ్ళో మేం మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బు అదే. శాకాహారులైతే కళ్ళు మూసుకుని వెస్ట్ ఫిలడెల్ఫియా వెళ్ళండి.

మర్నాడు బ్యాంకుల వీధి. చెస్ట్‌నట్ స్ట్రీట్‌లో సెకండ్ బ్యాంక్ (ఒకప్పటి జాతీయ బ్యాంకు) భవనం గ్రీకు గుడిలా ఉంటుంది. లోపల చిత్రాల గ్యాలరీ, ఉచితం. తెరిచి ఉండే వేళలు ముందే చూసుకోండి. చార్లెస్ విల్సన్ పీల్ 1782లో గీసిన మోరిస్ బొమ్మ ఇక్కడి సేకరణలోదే. గుండ్రటి మొహం, భారీ మనిషి. ఏ ఊరి బట్టల షావుకారైనా కావచ్చు. భవనం వెనక వైపు ఆయన విగ్రహం ఉంది. అక్కడికి వచ్చేవాళ్ళు తక్కువ. మేమున్న అరగంటలో ఒక కుక్కని నడిపించే అబ్బాయి తప్ప ఎవరూ రాలేదు. ఫ్రాంక్లిన్‌కి ఊరంతా విగ్రహాలు, వంతెన, మ్యూజియం. అప్పు తెచ్చినవాడికి పెరట్లో చోటు. నాన్నకి ఇది బొత్తిగా నచ్చలేదు.

అక్కడినుంచి మూడో వీధి వైపు నడిచాం. చెస్ట్‌నట్ మీద, మూడో వీధికి కాస్త ఇవతల, 1782 జనవరి 7న మోరిస్ పెట్టించిన బ్యాంక్ ఆఫ్ నార్త్ అమెరికా తలుపులు తెరిచింది. దేశమంతటికీ మొదటి బ్యాంకు. 400 డాలర్ల షేర్లు వెయ్యి, అంటే 4 లక్షల డాలర్ల మూలధనం అనుకున్నారు. జనం కొన్నది కొద్దే. ఫ్రాన్స్ నుంచి ఓడలో బోస్టన్‌కి వచ్చిన వెండిని ఎడ్లబండ్ల మీద తెప్పించి, ప్రభుత్వ వాటాగా దాన్నే పెట్టారు. జనానికి నమ్మకం కలగాలని వెండిని కౌంటర్ మీద కనబడేలా పెట్టేవాళ్ళనీ, పెట్టెలు కిందికీ పైకీ మోయించేవాళ్ళనీ చెప్తారు. ఇది విన్నాక నాన్న ఫుట్‌పాత్ మీదే నిలబడి నవ్వడం మొదలుపెట్టారు. తన సర్వీసులో ఒకసారి బ్యాంకు మూసేస్తున్నారని పుకారు పుట్టి జనం ఎగబడితే, నోట్ల కట్టలు క్యాషియర్ అద్దం వెనక గోడలా పేర్చి, ఒక్కొక్కరికీ నిదానంగా లెక్కపెట్టి ఇచ్చారట. మధ్యాహ్నానికి జనం పలచబడ్డారట. ఈ కథ ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు.

డబ్బున్నవాడి మీద ఊళ్ళో కోపం లేకపోలేదు. 1779లో ధరలు మండిపోయి, సరుకు దాచారని వ్యాపారుల మీద మిలీషియా (మామూలు జనంతో కట్టిన సాయుధ దళం) తిరగబడింది. మూడో వీధి, వాల్‌నట్ మూలన జేమ్స్ విల్సన్ ఇంటి మీదికి వచ్చినప్పుడు లోపల ఇరుక్కున్నవాళ్ళలో మోరిస్ కూడా ఉన్నాడు. కాల్పులు జరిగి మనుషులు చచ్చిపోయారు. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో సొంత లాభం కలిపేశాడని ఆయన మీద ఆరోపణలొచ్చాయి, కాంగ్రెస్ కమిటీ ఏమీ తప్పులేదంది. కమిటీ మాట నేను నమ్ముతాను గానీ, ఒకే మనిషి ప్రభుత్వం తరఫున కొని, సొంత కొట్లోంచి అమ్ముతుంటే ఊరు అనుమానించిందంటే ఊరిది తప్పనలేను.

ఆరో వీధిలో వాషింగ్టన్ స్క్వేర్ దగ్గర మంచి చెట్లు, బెంచీలు ఉన్నాయి. విప్లవ యుద్ధంలో పోయిన పేరు తెలియని సైనికుడి సమాధి, ఆరని జ్యోతి. పెద్దవాళ్ళని కూర్చోబెట్టడానికి ఊళ్ళో ఇంతకన్నా మంచి చోటు లేదు. ఆ పక్కనే ఒకప్పుడు ప్రూన్ స్ట్రీట్ అప్పులవాళ్ళ జైలు ఉండేది. ఇప్పుడు ఆనవాలు లేదు. యుద్ధానికి అప్పు తెచ్చిన మోరిస్ 1798 ఫిబ్రవరిలో ఆ జైలుకే వెళ్ళాడు. కారణం భూములు. ఇద్దరు భాగస్వాములతో కలిసి లక్షల ఎకరాలు, కొత్త రాజధాని వాషింగ్టన్‌లో వేల ప్లాట్లు బేరమాడాడు. కొనేవాళ్ళు రాలేదు, యూరప్ నుంచి డబ్బు రాలేదు. పైగా చెస్ట్‌నట్ వీధిలో, రాజధానికి నక్షా గీసిన లాన్‌ఫాంతో పాలరాతి మేడ మొదలుపెట్టించాడు. అది పూర్తి కాలేదు, ఊరు దానికి మోరిస్ పిచ్చి అని పేరు పెట్టింది. బాకీ దాదాపు 30 లక్షల డాలర్లు. 1798 నవంబరులో వాషింగ్టన్ జైలుకొచ్చి ఆయనతో భోంచేశాడు. 1800లో వచ్చిన దివాలా చట్టం వల్ల 1801 ఆగస్టులో బయటపడ్డాడు.

"కొత్త రాజధాని వస్తుందంటే ప్లాటు కొననివాడెవడులే" అన్నారు మా ఆయన, రెండు రోజుల్లో మొదటిసారి హుషారుగా. ఆయన ప్లాటు సంగతి మా ఇంట్లో ఎత్తకూడని విషయం. అందరం చెట్ల వైపు చూశాం.

సమాధి విషయంలో ఒక జాగ్రత్త. ఐదో వీధి, ఆర్చ్ స్ట్రీట్ దగ్గరి శ్మశానంలో ఫ్రాంక్లిన్ ఉన్నాడు, మోరిస్ లేడు. మోరిస్ ఉన్నది రెండో వీధిలో క్రైస్ట్ చర్చి ఆవరణలోనే. 1806 మేలో చనిపోతే బావమరిది బిషప్ విలియం వైట్ కుటుంబం సమాధిలో పెట్టారు. స్ప్రూస్ స్ట్రీట్‌లో మిక్వే ఇజ్రాయెల్ యూదుల శ్మశానం కూడా చూడండి, గేటు బయటినుంచి అయినా. మోరిస్ తరఫున ఫ్రెంచి హుండీలు అమ్మిపెట్టిన బ్రోకర్ హేమ్ సాలమన్ అక్కడ ఉన్నాడు. పోలండ్ నుంచి వచ్చి, న్యూయార్క్‌లో బ్రిటిష్‌వాళ్ళ చేతికి చిక్కి తప్పించుకుని ఈ ఊరు చేరాడు. 1785లో పోయేనాటికి ఆస్తి లేదు, బాకీలే. సమాధి ఏదో గుర్తు కూడా లేదు, గోడ మీద ఫలకం ఉంది. మావాడు ప్రాజెక్టులో ఆయనకో పేజీ ఇచ్చాడు.

ఆఖరున లెమన్ హిల్. ఫెయిర్‌మౌంట్ పార్కులో స్కూల్‌కిల్ నది ఒడ్డున గుట్ట, మోరిస్ తోట, గ్రీన్‌హౌస్ ఉన్న చోటు. ఇప్పుడున్న తెల్ల ఇల్లు ఆయనది కాదు, 1799లో వేలంలో ఆ స్థలం కొన్న హెన్రీ ప్రాట్ కట్టించింది. పైకి కారు వెళ్తుంది, పార్కింగుకి పైసా లేదు. మా ఆయన కారు దిగి రెండుసార్లు బోర్డు చదివి నిర్ధారించుకున్నారు. కింద నదిలో కాలేజీ పిల్లలు తెడ్లతో పడవలు నడుపుతున్నారు.

అక్కడ కూర్చుని మావాడు కొత్త సంగతి బయటపెట్టాడు. 1782 ఏప్రిల్‌లో డెలావేర్ అఖాతంలో బ్రిటిష్ యుద్ధనౌక జనరల్ మంక్‌ని పట్టుకున్న ఫిలడెల్ఫియా ఓడ పేరు హైదర్ అలీ. బ్రిటిష్‌వాళ్ళతో పోరాడుతున్న మైసూరు హైదర్ పేరే. పట్టుకున్న ఓడకి జనరల్ వాషింగ్టన్ అని పేరు మార్చి మోరిస్ ప్రభుత్వం పనులకి వాడుకున్నాడు. నాన్న లేచి నిలబడ్డారు. హైదర్ అలీ అదే ఏడాది డిసెంబరులో చనిపోయింది మా చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దగ్గర. "మా ఊరి పక్కనోడి పేరు ఇక్కడి ఓడకా!" అని నాన్న, ఇక ఆ పూట ఇంకో మాట మాట్లాడనివ్వలేదు. మోరిస్ కుర్రతనం గడిపిన మేరీల్యాండ్ ఆక్స్‌ఫర్డ్ కూడా చూసేయాలని అప్పటికప్పుడు తీర్మానించారు.

అమ్మ చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది. "పోదాం. ముందు అడగండి, అక్కడ కింద గది ఉందో లేదో."